బాటిల్ గోడకు ఎర్రపొర

మా ల్యాబులో శాంపుళ్ళ ఫ్రిజ్ తలుపు తీయగానే దురియన్ పండు కంపు మొహాన కొడుతుంది. పామాయిల్ మిల్లు మురుగు, పడవల రేవు దగ్గరి నల్ల బురద, పందుల ఫారం వెనక గుంటలోని నీళ్ళు, వీటన్నిటి మధ్యా మా బాసుగారి దురియన్ డబ్బా. ఇందులో తిండి పెట్టకూడదని నాలుగు భాషల్లో కాగితం అంటించి ఉంది. ఆ నాలుగింట్లో నా తెలుగు లేదు గానీ, ఆ మాట పాటించేది నేనొక్కదాన్నే. మిగతావాళ్ళు ఆ డబ్బా తీసి, బురద ముట్టుకున్న గ్లౌజులతోనే తొనలు వొలిచి, అక్కడే నిలబడి చప్పరిస్తారు. ఛీ! పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా నాకు అలవాటు కాలేదు.

మలేషియాలోని షా ఆలంలో ఫ్యాక్టరీల మధ్య ఉన్న చిన్న ప్రైవేటు ల్యాబు మాది. నీళ్ళలో లోహాలు వెతకడం నా పని. నీటిని సన్నటి తుంపరగా చేసి, ఆర్గాన్ గ్యాసుతో పుట్టించే భయంకరమైన వేడిలోకి పంపిస్తాం. ఆ వేడికి ఒక్కో లోహం తనదైన వెలుగు విడుస్తుంది. సీసం వెలుగు మన కంటికి కనబడదు. యంత్రం మాత్రం చూస్తుంది, తెర మీద చిన్న గుట్ట లేపి చూపిస్తుంది. గుట్ట ఎంత ఎత్తు లేస్తే నీళ్ళలో అంత సీసం ఉన్నట్టు. యంత్రం అబద్ధం చెప్పదని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేదాన్ని. నిజమే, అది చెప్పదు. దాని ముందు పెట్టిన నీళ్ళ గురించే అది మాట్లాడుతుంది, బావిలో నీళ్ళ గురించి కాదు.

అందుకే బాటిల్ ముఖ్యం. లోహాల కోసం మేమిచ్చే ప్లాస్టిక్ బాటిల్ అడుగున నాలుగు చుక్కల యాసిడ్ ముందే పోసి ఉంచుతాం. యాసిడ్ ఉంటే లోహం నీళ్ళలో కరిగి ఉంటుంది. లేకపోతే పోయి అడుగునో గోడకో పట్టుకుని కూర్చుంటుంది, మనం తేట నీళ్ళు తీసి పరీక్ష చేసి ఏమీ లేదని రాసేస్తాం. బాటిల్ లోపలికి రాగానే ఒక రంగు కాగితం ముంచి, యాసిడ్ ఉందో లేదో చూసి, ఫారంలో ఆ గడి దగ్గర టిక్కు పెట్టాలి. అరనిమిషం పని.

ఆ అరనిమిషం పని మా దగ్గర ఎవరూ చెయ్యరు. రంగు కాగితాల డబ్బా సీలు కూడా ఊడదీయకుండా సొరుగులో పడి ఉంటుంది. ఫారాల్లో మాత్రం టిక్కులే టిక్కులు, పై నుంచి కింది దాకా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో. అది నాకు తెలుసు. శాంపుళ్ళు తీసుకునే బల్ల దగ్గర కూర్చునే ఆవిడ ఫోనులో సీరియల్ చూస్తూ టిక్కులు పెడుతుంటే నాకు ఒళ్ళు మండేది. తిండి మీద నోరు పారేసుకునేదాన్ని గానీ దీని మీద మాత్రం ఒక్కసారీ నోరెత్తలేదు. పెదవి విరిచి, ఛీ వీళ్ళ బతుకు అనుకుని పక్కకు తప్పుకునేదాన్ని. నేనేదో వేరే జాతి మనిషినైనట్టు.

మా పెద్దమ్మ బటాంగ్ బెర్జుంటైలో ఉంటుంది, అమ్మకు అక్క. అక్కడి తోటలో మా తాతల కాలంలో రబ్బరు, ఇప్పుడు పామాయిల్. తోట చేతులు మారినా కూలీల లైను ఇళ్ళల్లో నాలుగైదు పాత కుటుంబాలు మిగిలాయి, వాటిలో పెద్దమ్మది ఒకటి. కొడుకు లారీ తోలుతాడు, కోడలు రబ్బరు గ్లౌజుల ఫ్యాక్టరీలో షిఫ్టు. వాళ్ళ రెండేళ్ళ కూతురు పగలంతా పెద్దమ్మ చంకలోనే.

నా చిన్నప్పుడు అమ్మ రబ్బరు చెట్ల పాలు గీయడానికి తోటలోకి పోతే నన్నూ ఆ చంకే మోసింది. పెద్దమ్మ నీళ్ళు కూడా కడిగి తాగే మనిషి. బయట నుంచి తెచ్చిన బిస్కట్టు ప్యాకెట్టుని సైతం తడిగుడ్డతో తుడిచి గానీ లోపలికి రానివ్వదు. ఎంగిలి అంటే ఆవిడకు ప్రాణం పోయినంత పని. ఒకరు నోరు పెట్టిన గ్లాసులో అడుగున చుక్క నీళ్ళు మిగిలితే, దాన్ని పారబోసి మూడుసార్లు తొలిచాకే ఇంకొకరికి. ఆ శుభ్రం నాకు అబ్బింది. ల్యాబులో అందరి మీదా నేను మొహం చిట్లించేది పెద్దమ్మ మొహంతోనే.

తోట వెనక ఎవరో ఒక రేకుల షెడ్డు వేశారు. బోర్డు లేదు, పేరు లేదు. పాత కారు బ్యాటరీలు పగలగొట్టి లోపలి సీసం కరిగిస్తారు. సాయంత్రమయ్యేసరికి గొంతులో గీసుకుపోయే పొగ. ఆ యాసిడ్ నీళ్ళు ఎక్కడికి పోతాయంటే, ఎక్కడికి పోతాయి, మట్టిలోకే! లైను ఇళ్ళకు పైపు ఉంది గానీ వారంలో సగం రోజులు సన్నటి ధార, అదీ టీ రంగులో. అందుకని వంటకీ తాగడానికీ బావే. చంటిదాని పాలపొడి కలిపేదీ ఆ నీళ్ళతోనే.

ఆ పిల్ల అప్పటికి ముద్దుముద్దుగా పాతిక మాటలు పలికేది. నన్ను చూస్తే "అత్తా" అని రెండు చేతులూ చాపేది. ఉన్నట్టుండి తిండి మానేసింది. పొట్ట పట్టుకుని ఏడవడం, లేకపోతే ఓ మూల స్తబ్దుగా కూర్చోవడం. క్లినిక్కులో పురుగుల మందు ఇచ్చి పంపారు. పెద్దమ్మ నాకు ఫోను చేసింది.

"గుంట సిక్కిపోతన్నాదే. ఆ షెడ్డోలొచ్చిన కాడినుంచి నీళ్ళ మీద నాకు మనసు నేదు. నువ్వు ఆ మిషన్లో యేసి సూడకూడదేటి? నువ్వు మంచియని సెప్తే తాగుతాం, కాదంటే మానేస్తాం. ఇంకెవుల మాటా నాకొద్దు."

నా జవాబు వచ్చేదాకా బావి నీళ్ళు పిల్లకు పట్టొద్దని చెప్పాను. పెద్దమ్మ కోడలు, నా మరదలు, షిఫ్టు దిగి, ఊళ్ళో గుడి దగ్గర కుళాయి నుంచి రెండు క్యాన్లు మోటారుసైకిలు మీద కట్టుకుని తెచ్చేది. తెల్లారి ఫ్యాక్టరీ, దిగాక నీళ్ళ మోత. పాపం దాని నడుం పడిపోయింది.

నేను ఒక బాటిల్ తీసుకెళ్ళి పెద్దమ్మ చేతిలో పెట్టాను. కడగవద్దని దాని మీద మలయ్ భాషలోనూ ఇంగ్లీషులోనూ చీటీ ఉంది. పెద్దమ్మ చదివింది తోటలోని తమిళ బడిలో మూడో తరగతి. చీటీ ఉంది కదా అని నేను నోటితో చెప్పలేదు. బావిలో తోడి నిండా పట్టు, సోమవారం పొద్దున్నే వచ్చి పట్టుకుపోతానన్నాను, అంతే.

సోమవారం పట్టుకొచ్చాను. పరీక్ష చేశాను. నీళ్ళు కాస్త మడ్డిగా, ఎర్రగా ఉన్నాయి. మడ్డి ఉంటే యంత్రం గొట్టం మూసుకుపోతుందని వడకట్టి పెట్టాను. తెర మీద సీసం గుట్ట లేవలేదు. కనిపెట్టగల మోతాదు కన్నా తక్కువ అని వచ్చింది. నా ప్రాణం తేలికపడింది. అక్కడికక్కడే ఫోను చేసి, "నీళ్ళు మంచియే పెద్దమ్మా, బయం నేదు" అన్నాను.

"ఓలమ్మ! బతికించినావు తల్లీ. ఇంక కోడలుపిల్ల ఈ క్యాన్లు మొయ్యక్కర్నేదు."

ఆ రోజే క్యాన్లు మూల పడేశారు.

మూడు వారాలు గడిచాయి. పరీక్షలయిపోయిన బాటిళ్ళు ఉంచే అలమర ఒకటుంది మాకు. దాన్ని ఖాళీ చెయ్యడానికి ఎవరూ ముందుకు రారు, ఆ కంపుకు భయపడి. ఆ శనివారం నేనే మాస్కు మీద మాస్కు వేసుకుని దిగాను. ఒక మూత వదులుగా ఉండి కారిపోయి, కింద జిగురులాంటి నల్లటి మడ్డి కట్టింది. ఒక బాటిల్లో ఏవో పురుగులు. తిట్టుకుంటూ ఒక్కోటి తీస్తుంటే పెద్దమ్మ బాటిల్ చేతికొచ్చింది. లోపలి గోడ అంతా ఎర్రటి తుప్పు పొర. మధ్యలో నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి.

యాసిడ్ ఉన్న నీళ్ళలో ఆ పొర కట్టదు. ఇనుము కరిగే ఉండాలి. అసలు మొదటి రోజే మడ్డి ఉండకూడదు! ఈ సంగతి మొదటి ఏడాది చేరినవాళ్ళకు నేను పాఠం చెప్తాను. అలాంటిది కళ్ళ ముందు ఎర్రగా కనబడుతుంటే, బావి నీళ్ళు కదా మట్టి ఉంటుందిలే అని వడకట్టి, సీసం పట్టుకుని కూర్చున్న ఆ మట్టినే చెత్తబుట్టలో పడేశాను. మిగిలిన నీళ్ళకు పరీక్ష చేసి మంచివన్నాను.

సొరుగులోంచి రంగు కాగితాల డబ్బా తీసి సీలు చింపాను. కాగితం ముంచితే యాసిడ్ రంగు రాలేదు. మామూలు నీళ్ళ రంగు. అదే బాటిల్లో యాసిడ్ పోసి మూత బిగించి పెట్టాను. గోడకు పట్టింది కరగడానికి ఒక రాత్రి పడుతుంది. బయటికొచ్చి పెద్దమ్మకు ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మరదలికి మెసేజి పెట్టాను, బావి నీళ్ళు ఎవరూ ముట్టొద్దని. రెండు షిఫ్టులు కలిపి చేస్తోందట, అది చూసుకున్నది మర్నాడు మధ్యాహ్నం. నేను ఆ సాయంత్రమే కారెక్కి పోవాల్సింది. పోలేదు. లెక్క తేలనీ, తప్పయితే ఊరికే బెదరగొట్టినట్టవుతుంది అనుకున్నాను. అబద్ధం. పెద్దమ్మ మొహం చూడ్డానికి నాకు ధైర్యం చాల్లేదు.

ఆదివారం పొద్దున్న ల్యాబులో ఎవరూ లేరు. పొర కరిగిపోయి నీళ్ళు లేత పసుపు తిరిగాయి. యంత్రంలో పెట్టాను. ఇనుము, మాంగనీసు, తర్వాత సీసం. గుట్ట తెర పై అంచు తాకింది. పలచన చేసి మళ్ళీ పెట్టాను. మూడోసారీ పెట్టాను. తాగే నీటికి ఒప్పుకునే హద్దు ఎక్కడో అడుగున ఉండిపోయింది. మూడు వారాలుగా ఆ పిల్ల పాలసీసాలో ఉన్నది ఇదీ. అక్కడే సింకులో వాంతి చేసుకున్నాను.

మూతి కడుక్కోగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, ఈ బాటిల్‌కు టిక్కు పెట్టిన మనిషిని చీల్చి చెండాడాలని. బల్ల దగ్గరి ఆవిడే, ఆ సీరియల్ మొహమే! ఫారాల ఫైలు లాగి సోమవారం కాగితం తీశాను. యాసిడ్ గడిలో టిక్కు ఉంది. దాని పక్కన పొట్టి సంతకం ఉంది. అది నాది.

అప్పుడు గుర్తొచ్చింది. సొంత మనిషి శాంపులని, వరసలో పెట్టకుండా నేనే తిన్నగా లోపలికి తెచ్చుకున్నాను. ఫారం నేనే రాశాను. పైనున్న టిక్కుల కింద నా టిక్కు, అదే ఊపులో, అదే వాలుతో. వేరు చెయ్యలేనంతగా కలిసిపోయింది. దురియన్ తిన్న చేతులని చూసి ఎన్నిసార్లు మూతి తిప్పానో! ఆ క్షణాన ఆ డబ్బాకున్న శుభ్రం నాకు లేదనిపించింది. చెప్పు తీసి నన్ను నేనే కొట్టుకోవాలనిపించింది.

బాసుకు అప్పుడే ఫోను చేశాను. ఆయన విని, తమిళంలో, ఇక్కడి వాడుకలో మాట చివర లా తగిలిస్తూ, "ఇప్పుడు అవన్నీ ఎందుకు చెక్ చేస్తావ్ లా? అది నీ ఇంటి శాంపులే కదా, క్లయింటుది కాదే. కాగితం చింపెయ్, అయిపోయింది" అన్నాడు. పిల్ల సంగతి అడగలేదు. మిగతా టిక్కుల సంగతీ అడగలేదు, అడిగితే జవాబు ఎలా ఉంటుందో ఆయనకీ తెలుసు. ఆ కాగితం నేను చింపలేదు. ఫొటో తీసుకుని బయల్దేరాను.

మధ్యాహ్నం కాకముందే చేరాను, అప్పటికి పెద్దమ్మ వసారాలో కూర్చుని ఉంది, పిల్ల ఒళ్ళో. చేతిలో పాలసీసా. నేను కారు తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తి ఆ సీసా లాక్కున్నాను. పిల్ల ఏడవలేదు. నా వంక చూసింది, మళ్ళీ గోడ వంక చూసింది. అత్తా అనలేదు.

"ఏటే, ఏటైనాది? పిచ్చేటి నీకు?"

"ఆ నీళ్ళు మంచియి కావు పెద్దమ్మా. సీసం ఉన్నాది. బోలెడున్నాది."

"మరి మంచియన్నావు కదా."

"నేనిచ్చిన బాటిల్ అడుగున కొంచెం నీళ్ళలాగుండాలి. అవేం చేసినావు?"

పెద్దమ్మ మొహం విప్పారింది. అదేదో నేను మెచ్చుకోబోతున్నట్టు. "అవా? పారబోసినాను. ఎవుడో తాగీసి ఒదిలేసిన ఎంగిలి నీళ్ళు కదా అయి. గచ్చు మీద పోస్తే బుసబుస నురగలొచ్చినాయి. సీ! ఎవుడి ఉమ్మో ఏటో అని అసయ్యమేసినాది. సబ్బేసి మూడు తడవలు తోమి, ఎండలో బోర్లించి, అప్పుడు బావి నీళ్ళు పట్టినాను. నువ్వు ముట్టుకునే బాటిల్ కదే, అలాటిది నీ సేతికెలా ఇస్తాను?"

సిమెంటు మీద యాసిడ్ పడితే నురగ రాక ఏమొస్తుంది! ఆవిడ కళ్ళతో చూసింది, అసహ్యపడింది, నా కోసం కడిగింది. ఆ చేతులు నన్ను పెంచిన చేతులు, అవి ఇంకోలా చేస్తాయని నేనెలా అనుకున్నాను? కడగొద్దని ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పకపోయినా, అరనిమిషం కాగితం ముంచి చూస్తే సరిపోయేది.

"తప్పేటి?" అంది పెద్దమ్మ. మొహం మారింది. "నాను కడిగినందుకేనా?"

తలూపితే చాలు, నింద ఆవిడ మీదకు పోయేది. ఒక్క లిప్తపాటు, ఎంత నీచమో చూడండి, నాకు ఆ ఆశ కలిగింది. ఫోను తీసి ఫొటో చూపించాను. "నువ్వు కాదు. ఈ గీత నాది. చూసినానని పెట్టినాను. చూడలేదు."

పెద్దమ్మ ఆ ఫొటో వంక చాలాసేపు చూసింది. ఇంగ్లీషు ముక్క రాదు, అయినా చూసింది. తర్వాత పొయ్యి దగ్గరికెళ్ళి, నా కోసం పెట్టిన టీ నీళ్ళు తీసుకెళ్ళి కాలవలో పోసింది. బిందె బోర్లించింది. నా వైపు వీపు పెట్టుకునే అంది.

"నువ్వు సెప్పినావనే తాగించినాను."

అప్పటికప్పుడు పిల్లను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తంలో సీసం బాగా ఉందన్నారు. వార్డులో ఉంచుకుని మందు మొదలుపెట్టారు. ముందు ఆ నీళ్ళు ఆపండి అన్నాడు డాక్టరు, పోయిన మాటలు వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేమన్నాడు. మెసేజి చూసుకుని మరదలు ఆసుపత్రికి పరుగెత్తుకొచ్చింది. వార్డు గోడకానుకుని, క్యాన్లు మోసి కాయలు కాసిన అరచేతులు చూసుకుంటూ కూర్చుంది. నేను ఉద్యోగం మానేశాను. పాత టిక్కుల సంగతి వివరంగా రాసి, ల్యాబులకు అనుమతిచ్చే ఆఫీసుకు పంపించాను. బాసు నన్ను ద్రోహి అన్నాడట. ఆయన నోట ఆ మాట వచ్చిందని విన్నందుకు కూడా నాకు అసహ్యమే వేసింది.

షెడ్డు మీద ఫిర్యాదు ఇవ్వాలంటే బావి నీళ్ళు మళ్ళీ పట్టాలి. ఈసారి ఇంకో ల్యాబుకు. పిల్ల ఆసుపత్రి నుంచి వచ్చిన నాలుగో రోజున కొత్త బాటిల్ పట్టుకుని వెళ్ళాను. అడుగునున్నది ఏమిటో, ఎందుకు కడగకూడదో, రంగు కాగితం ఏం చూపిస్తుందో నోటితో చెప్పాను, రెండుసార్లు చెప్పాను. పెద్దమ్మ బాటిల్ వెలుగుకెత్తి ఆ యాసిడ్ చూసింది. మూతి ముడుచుకుంది గానీ పారబోయలేదు. చేతికి గ్లౌజు తొడిగితే తొడిగించుకుంది. తనే తోడి, అంచు ముట్టుకోకుండా, నిండా పట్టింది. పిల్ల మరదలి చంకలో ఉంది, నా జుట్టు పట్టుకుని లాగింది గానీ మాట లేదు.

నేను బాటిల్ మూత బిగించి, ఫారం మోకాలి మీద పెట్టుకుని పెన్ను తీశాను. పెద్దమ్మ చెయ్యి వచ్చి నా పెన్ను మీద పడింది. నేను పుట్టిన దగ్గర్నుంచి నా మాటకు ఎదురు అడగని మనిషి, పక్కన చతికిలబడి కూర్చుంది.

"ఆ రంగు కాయితం ముంచి నాకు సూపించు" అంది. "నాను సూసినాకే గీత పెట్టు."

మూత మళ్ళీ తీశాను. కాగితం ముంచాను. డబ్బా మీది రంగుల పక్కన పెట్టి ఆవిడ కళ్ళ ముందు పట్టుకున్నాను. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, వెలుగులో పెట్టి, తను చూడాల్సినంత సేపూ చూసింది. నేను పెన్ను పట్టుకుని ఆగాను.